ఖాళీ పురుటి వార్డు చూడటానికి పెనుకొండ దాకా

కెన్యాలో కొత్తగా కడుతున్న ఒక నగరానికి ఆరోగ్య సేవల ప్రణాళిక గీసే బృందంలో నేనూ ఒకదాన్ని. ఇళ్లు లేవకముందే ఆసుపత్రులు ఎక్కడ పెట్టాలో తేల్చాలి. పురుటి వార్డును నగరం నడిబొడ్డున పెట్టాం, పటం మీద ముచ్చటగానే ఉంది. జనం వచ్చి చేరాక అలాంటి వార్డు ఎలా నడుస్తుందో చూద్దామని, పటం ఖాయం చేసేలోపు, బృందంలోని కెన్యా నర్సు వాంజిరును వెంటబెట్టుకుని మా అనంతపురం వచ్చాను. వాన తక్కువ, నేల ఎరుపు, ఫ్యాక్టరీల కోసం హైవే పక్కన లేచిన కొత్త కాలనీలు. మాకు కావలసినవన్నీ ఇక్కడే ఉన్నాయి.

పొద్దున ఏడింటికి హిందూపురం బస్సెక్కాం. ఇక్కడి ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి ఆధార్ చూపించిన నాకు జీరో టికెట్, వాంజిరుకు పూర్తి టికెట్. "ఈయమ్మది యా ఊరు మేడం?" అన్నాడు కండక్టర్. కెన్యా అంటే, "అట్లయితే దుడ్లు ఇయ్యాల్సిందే" అని నవ్వేశాడు. పెనుకొండలో దిగి, ఇడ్లీ తిని, షేర్ ఆటోలో అలాంటి ఒక కొత్త కాలనీ చేరేసరికి పది దాటింది.

అక్కడి ఆసుపత్రి అద్దంలా ఉంది. పురుటి వార్డులో మంచాలు మాత్రం ఖాళీ. ఈ కాలనీలో గర్భిణులే లేరా అని అక్కడి నర్సును అడిగాను.

"శానామంది ఉండారు మేడం. నెలనెలా ఈడే చూపిచ్చుకుంటారు. కాన్పు దగ్గరపడితే పుట్టింటికి పోతారు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తొలి కాన్పుకు నేనూ మా అమ్మ దగ్గరికే పోయినదాన్ని. పటం గీసేటప్పుడు మాత్రం ఎవరిల్లు ఎక్కడుంటే అక్కడే కంటారని గీసి పారేశాం!

మధ్యాహ్నం ఆసుపత్రి మెట్ల మీద ఓబుళమ్మ అనే ఆవిడ, నిండు నెలల కూతురు శిరీషకు సంగటి, ఊరుబిండి పచ్చడి తినిపిస్తోంది. కూతుర్ని పురిటికి తీసుకుపోవడానికి గోరంట్ల అవతలి పల్లె నుంచి వచ్చింది. శిరీష కాళ్ల వాపు చూడగానే వాంజిరు ముఖం మారిపోయింది. బీపీ ఎక్కువగా ఉంది, పోవద్దని డాక్టరమ్మ చెప్పినా తల్లి వినడం లేదని నర్సు చెప్పింది. ఆ పల్లెలో చీకటి పడితే ఆటో కూడా దొరకదు.

"కాన్పయ్యేదాకా నువ్వే ఈడ ఉండొచ్చు గదమ్మా" అన్నాను.

"యాడుండేది మేడం? అల్లుని ఇంట్లో తిష్ట వేస్తే ఊర్లో మొగమెట్ల చూపిచ్చేది? తొలి కాన్పు మేం జేయాల."

శిరీష తల వంచుకుని, "నాకు బయంగా ఉండాదిమా" అంది.

అంతా విడమర్చి చెబితే వాంజిరు విని, వార్డు పక్కన పాత సామాన్లు పడేసిన గదిని చూపిస్తూ, ఇది ఎవరిల్లో ఓబుళమ్మను అడగమంది. అడిగాను.

ఓబుళమ్మ లేచి గదిలోకి తొంగి చూసింది. "ఆస్పత్రి ఎవురిల్లూ గాదు గదా."

"అట్లయితే ఇందులో ఉండు."

"పొయ్యి ఉంటాదా? బాలింతకు నా చేతివంటే పెట్టాల."

నర్సు డాక్టరమ్మను అడిగొచ్చి, వెనక వరండాలో పొయ్యి పెట్టుకోమంది. సాయంత్రానికి గది ఊడ్పించారు. ఓబుళమ్మ పల్లెకు ఫోన్ చేసి, "అల్లుని ఇంట్లో కాదప్పా, ఆస్పత్రిలో ఉండా" అని అందరికీ వినబడేలా చెప్పింది. మేం అనంతపురం తిరిగొచ్చి, ఇంకా అక్కడే ఉండగా నర్సు ఫోన్ వచ్చింది. ఆపరేషన్ చేశారట, ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. వాంజిరు నన్ను గట్టిగా వాటేసుకుంది.

కొత్త ఊరికి మనుషులు సామాన్లతో పాటు తమ పద్ధతుల్నీ మోసుకొస్తారు. వాటిని మాన్పించడం కన్నా వాటికి చోటు చూపించడమే తేలిక. కెన్యా పటంలో మేం వార్డును కదపలేదు, దాని పక్కన ఒక గది, ఒక పొయ్యి చేర్చాం. తోడొచ్చే తల్లికి చోటుంది కాబట్టి, ఇక ఆ వార్డులో మంచాలు ఖాళీగా ఉండవని ధైర్యంగా చెప్పగలను. మీరూ ఇలాంటి పనిమీద వెళితే, ఆసుపత్రిని పొద్దుటి ఓపీ వేళ చూసి వచ్చేయకండి. భోజనాల వేళ దాకా ఆగండి. ఎవరు మెట్ల మీద కూర్చుని తింటున్నారో చూస్తే, అక్కడ కట్టని గది ఏదో తెలిసిపోతుంది.