రైలు గేటు ముందు సైకిలు

నరసరావుపేటలో రైలు గేటు పడిందంటే మిరపకాయల బండ్లు, పత్తి బండ్లు బారులు తీరేవి. గేటుకు ఎర్రదీపం వేలాడుతున్నంతసేపూ ఎంతటివాడైనా ఆగాల్సిందే. సైకిలు వాళ్లకు మాత్రం ఒక వెసులుబాటు ఉండేది. బండ్ల పక్కగా నడిపించుకుంటూ అందరికంటే ముందుకు వెళ్లి నిలబడవచ్చు. అయితే దిగి నడవాలి, గంట కొట్టకూడదు, ఎద్దుల మొహాలకు అడ్డంగా పోకూడదు. గేటు తియ్యగానే ముందు సైకిళ్లు వెళ్లిపోవాలి. ఎవరూ రాసిపెట్టకపోయినా ఇది అందరికీ తెలుసు. నాకూ ఈ పద్ధతి నచ్చేది. ఎద్దు బెదిరి బండి తిరగబడితే ఒక రైతు ఏడాది కష్టం మట్టిపాలవుతుంది మరి.

యుద్ధం రోజులవి. టైర్లు దొరక్క, ఉన్నవాటికే అతుకుల మీద అతుకులు వేయించుకుని తిరిగేవాణ్ణి. ఊరికి ఎడంగా ఉన్న మా క్రైస్తవుల పల్లెలో పంతులు పని నాది. బడి ఒక తాటాకుల పాక. ఆ పాక ఉన్న స్థలం ఊరి మోతుబరిది.

ఒక సాయంత్రం గేటు ముందు మొదటి బండి ఆయనదే. నాకంటే ముందు ఒక బట్టల వ్యాపారి, ఒక కోర్టు గుమాస్తా తమ సైకిళ్లతో ఆ బండి దాటి నిలబడ్డారు. వాళ్లను ఆయన ఏమీ అనలేదు. నేను వెళ్లి వాళ్ల పక్కన నిలబడగానే గొంతు లేచింది.

"ఒరేయ్ పంతులూ, నువ్వు ఎనక్కి పో. నా బండి కనుమరుగైనాక ఎక్కు సైకిలు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇది ఎద్దుల కోసం పెట్టిన నియమం కాదని అక్కడున్న బండివాళ్లందరికీ తెలుసు. అయినా అందరూ కాడి తాళ్లు సర్దుకుంటూ తలలు వంచుకున్నారు.

"ఎద్దులు బెదురుతాయంటే దిగుతానండీ, దిగే వచ్చాను. మనుషులు బెదురుతారంటే మాత్రం దిగను" అన్నాను.

ఈలోగా రైలు పోయింది, గేటు తీశారు. ఆయన కళ్లెదుటే సైకిలెక్కి తొక్కాను.  అంత హాయిగా నేనెప్పుడూ సైకిలు తొక్కలేదు.

దారి కాచి కొట్టిస్తాడేమో అనుకున్నాను. ఆయన అంతకంటే తెలివైనవాడు. తెల్లారేసరికి బడి పాకకు తాళం పడింది. పిల్లలు పలకలు ఇళ్లలో పడేసి తల్లుల వెంట మిరప చేలల్లో కలుపు తియ్యటానికి పోయారు.

ఆ సాయంత్రం పల్లె వాళ్లంతా మా ఇంటి ముందు చేరారు. మా సంఘపెద్ద నెమ్మదస్తుడు, పగలే వెళ్లి మోతుబరితో మాట్లాడి వచ్చాడు. ఆ బండి ఎదురైనప్పుడల్లా నేను దిగి పక్కకు తొలిగితే తాళం తీయిస్తాడట. క్షణం సేపు దిగితే అరిగిపోతావా, పిల్లల మొహం చూడమని నన్ను బతిమాలాడు.

 నా ఒంటి మీదికొచ్చే కష్టమైతే ఎంతకైనా తెగించేవాణ్ణి. వాళ్ల పిల్లల చదువును పణంగా పెట్టే హక్కు నాకెక్కడిది? మీరు దిగమంటే దిగుతానని చెప్పి కూలబడ్డాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ పాక తాళం మళ్లీ తియ్యలేదు. బడి మా వాకిట్లో, ఎండలోనే సాగింది. అందులో నా గొప్పేమీ లేదు. నేను దిగుతానన్న ఆ పూటే ఆడవాళ్లలోంచి ఒకామె లేచింది. ఇద్దరు పిల్లల్ని నా దగ్గరికి పంపే కూలి మనిషి. చేతుల మట్టి కూడా కడుక్కోకుండా వచ్చింది. సంఘపెద్ద వైపు చూడనైనా చూడకుండా నాతో అంది:

"నువ్వు గూడా దిగి పక్కకు తొలిగేటట్టయితే మా పిల్లకాయలకు ఇంక సదువెందుకు పంతులూ? తొలగటం మాకు ముందే వచ్చు."