వకీలును పెట్టింది నేను, బెంచీ ఎక్కింది నేనే

నా జీవితంలో నేను తెలివిగా వేసిన పథకాలు చాలా ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా తెలివైనది పెనుకొండలో ఒక వకీలు ఆఫీసు బయట, బెంచీ మీద, మా అత్త పక్కన కూలిపోయింది. ఎలా కూలిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ధర్మవరంలో మా ఇల్లు అవ్వ పేరు మీద ఉంది. నడి ఇంట్లో గుంత తవ్వి మగ్గం దించారు మా పెద్దలు. మగ్గాన్ని విప్పి మోసుకుపోవచ్చు గానీ గుంతను ఎవరూ మోసుకుపోలేరు కదా. ఇల్లు ఎవరిదైతే మగ్గం వాళ్ళదే. నాయన పోయాక దాని మీద పట్టుచీరలు నేసేది నేనే. నేను కాక అవ్వకు మిగిలింది హిందూపురంలో ఉన్న కూతురు, అంటే మా మేనత్త. ఆమెకూ నాకూ నా పెళ్ళి నాటి నుంచి మాటల్లేవు. ఎందుకు లేవో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. అంత కోపంలో ఉన్న మనిషి రేపు ఇల్లు అడిగితే, నేను కాళ్ళు పెట్టుకునే గుంత కూడా పోతుందని మాత్రం భయం పట్టుకుంది.

కాబట్టి అవ్వ చేత వీలునామా రాయించాలి, అదీ గుట్టుగా. ధర్మవరంలో వకీలు గడప తొక్కితే నేను ఇల్లు చేరేలోపు వీధికంతా తెలుస్తుంది. హిందూపురమేమో అత్త ఊరు. రెంటికీ మధ్య పెనుకొండ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి ఇల్లు గెలుద్దామనుకున్నాను. ఈ సంగతి అత్త చెవిన వేయొద్దని ముందు రోజే అవ్వకు మరీ మరీ చెప్పాను. అవ్వ తల ఊపింది. మా అవ్వ తల ఊపితే విన్నదని అర్థం, ఒప్పుకున్నదని కాదు. ఆ తేడా నాకు అప్పటికి తెలియదు.

వకీలు నడివయసు ఆవిడ. కుర్చీలో కూర్చోగానే నేను మొదలుపెట్టాను. షావుకారు మాకు చీర ఆర్డరిచ్చేటప్పుడు ఒళ్ళు ఇలా, అంచు ఇలా, కొంగు ఇలా అని చెప్పేసి పోతాడు, మేము నేస్తాము. వకీలుకైనా అంతే అనుకున్నాను. ఒళ్ళంతా, అంటే ఇల్లూ మగ్గమూ, నా పేరుకు. అంచు మాత్రం, అంటే పాత ఇత్తడి సామాను, అత్తకు. వయసెంత, ఆరోగ్యం ఎలా ఉంది, మీ మనసులో ఏముంది అని ఆమె అవ్వను అడిగిన ప్రతిదానికీ జవాబు నేనే చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది.

"ఆస్తి ఎవరిదండీ?"

"అవ్వదే మేడం."

"మరి నన్ను పెట్టుకున్నది?"

"నేనే," అన్నాను ఛాతీ విరుచుకుని.

"మీరు పిలుచుకొచ్చారు, అంతే. నేను పనిచేసేది అవ్వకు. మీరు కాసేపు బయట కూర్చోండి."

అడ్డుపడుతుందేమోనని అవ్వ వైపు చూశాను. "పో నాయనా, ఆడ గాలి బాగుంటాది," అంది.

బయట ఉన్నది ఒకే బెంచీ. దాని మీద అప్పటికే మా అత్త కూర్చుని ఉంది. తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందంటారు. మా ఇంట్లో దైవం కన్నా ముందు అవ్వ తలుస్తుంది. నేను చెప్పిన రోజే ఫోను చేసి రమ్మందట.

ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఎదుటి గోడను చూశాం. గోడ మీద చూడడానికి ఏమీ లేదు. చివరికి ఉండబట్టలేక, ఇంటి కోసమే వచ్చావా అని అడిగేశాను.

"ఇల్లు ఎవురికి కావాల్రా?" అంది అత్త. "నువ్వు నేసే చీరలు ఊరూరా పోతాండాయి. నీ పెండ్లిలో నాకు మాత్రం అంగడి చీర తెచ్చి పెట్టినావు. ఇది మీ మగ్గం మీదిదేనా అని హిందూపురంలో అందురూ అడిగిరి. ఏం చెప్పల్ల నేను?"

పెళ్ళి నాటికి మగ్గం మీద షావుకారు ఆర్డరు ఉండింది. ఇంకొకటి నేసే తీరిక లేక అంగడికి పోయి ఒక చీర పట్టుకొచ్చాను. నేతగాడు మేనత్తకు అంగడి చీర పెట్టడమంటే, వంటవాడు చుట్టానికి హోటలు పొట్లం తెప్పించి పెట్టడమే. అన్నేళ్ళూ ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు. నిజంగానే సిగ్గేసింది.

"తప్పయిందత్తా. ఇప్పుడు మగ్గం మీద ఉండేది దిగుతానే నీ చీరే ఎక్కిస్తా."

రంగు తను చెబుతానంది. చెప్పింది. చీర ఒంటి రంగుకు ఆ అంచు నప్పదన్నాను. నేతగాడివి నేయి, కట్టుకునేది నేను అంది. వకీలమ్మ నాకు లోపల చెప్పిన మాట కూడా ఇంచుమించు ఇదేనని అప్పుడు అర్థమైంది. అయినా నేను తగ్గలేదు. వాదన పెరిగి వీధిలోకి వినబడేసరికి తలుపు తెరుచుకుని వకీలమ్మ తల బయట పెట్టింది.

"మీ అవ్వ చెప్పాల్సింది ఎప్పుడో చెప్పేశారు. మీ ఇద్దరి కొట్లాట అయిపోయిందేమో కనుక్కోమంటున్నారు. అయిపోకపోతే తను ఇంకో టీ తాగుతారట."

ఆ వీలునామాలో ఏముందో నాకు ఈ రోజుకీ తెలియదు. అవ్వ ఇంకా గుండ్రాయిలా గట్టిగా ఉంది. అడిగినప్పుడల్లా, "ముందు మీ అత్త చీర సంగతి చూడప్పా," అంటుంది. అలా ఇప్పటికి నాలుగు చీరలు హిందూపురం చేరాయి.

కనుక మగ్గం మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఇతరుల ఆస్తికి నేను వకీలును పెట్టను, పెట్టినా నోరు విప్పను. ఆ మాటకొస్తే, రేపు నా సొంత వీలునామాకు వెళ్ళినా సరే, ముందు బయట బెంచీ మీద కూర్చుని, అత్త వచ్చిందేమో చూసుకున్నాకే లోపలికి పోతాను.