అక్క పాటకు మేం ముగ్గురం వంత

సాయంత్రం ఆరుంబావుకు ఉక్కు కంపెనీ బస్సు మా నలుగురినీ తోరణగల్లు టౌన్‌షిప్ గేటు దగ్గర దించింది. ఆ రోజుల్లో సోల్ సంగీతం గురించి నాకంటే తెలిసినవాళ్లు బళ్లారి జిల్లాలోనే లేరని నా నమ్మకం (కాదనడానికి ఆ పేరు విన్నవాళ్లే మా చుట్టుపక్కల లేరు). పుస్తకాలు చదివింది నేను. పాడింది మా పెద్దమ్మ కూతురు, అక్క. పగలంతా మిరపకోతకు పోయి, ఫోనులో అమెరికా నల్లజాతి గాయకుల పాటలు వింటూ, తెలుగులో సొంత పాటలు కట్టేది. ఒకరు గుండె విప్పి పిలవాలి, వెనకవాళ్లు పలకాలి, ఈ సంగీతానికి అదే ప్రాణమని మా మేనత్తకు వివరించాను. "ఇది మన కోతపాటే గదే, దీనికి పుస్తకాలు ఏంటికే?" అంది.

అందుకే వంతకు అత్తను, చిన్నమ్మను తీసుకొచ్చాం. మూడో గొంతు నాది. టౌన్‌షిప్ వేడుకలో అక్కకు అదే మొదటి కచేరీ. ముందు వరుసలో బెంగళూరు నుంచి వచ్చిన రికార్డింగు ఆయన కూర్చున్నాడు. ఆయనకు నచ్చితే అక్క పాట రికార్డవుతుంది. నచ్చకపోతే పొద్దున్నే మళ్లీ మిరపచేను.

రెండో పాట మధ్యలో అక్క గొంతు ఎండిపోయింది. రాగం వదలకుండానే పక్కకు తిరిగి, మైకు చూసే ఆయనతో, "రోంత నీళ్లు తెచ్చీయప్పా" అంది. మా చేలలో ముందు పాడే మనిషి ఏమంటే వెనకవాళ్లు అదే అనాలి. అనకపోతే ఆమెను ఒంటరిగా వదిలేసినట్టు. అత్త, చిన్నమ్మ ఒక్క గొంతుతో అందుకున్నారు: "రోంత నీళ్లు తెచ్చీయప్పా!" అన్ని పుస్తకాలు చదివిన నేను కూడా అందుకున్నాను, అదీ పైస్థాయిలో.

అక్క అదిరిపడి, "అయ్యో, అది అనాకండే!" అంది.

"అయ్యో, అది అనాకండే!" అన్నాం.

హాలంతా ఒకటే నవ్వు. అక్క మమ్మల్ని గుడ్లురిమి చూసింది. "నువ్వంటే మేం అనల్ల గదమ్మా?" అని అత్త మైకులోనే అడిగింది (చిన్నమ్మ దాన్నీ అందుకుంది). రికార్డింగు ఆయన రుమాలుతో కళ్లు తుడుచుకుంటున్నాడు. అక్క బతుకు అక్కడితో సరి అనుకున్నాను.

అక్క కళ్లు మూసుకుని ఆ నీళ్ల మాటనే మళ్లీ ఎత్తుకుంది, ఈసారి నడినెత్తిన ఎండలో గట్టుమీద నిలబడి అడిగినట్టు. మేం పలికాం. ఇక ఎవరూ నవ్వలేదు. మైకు ఆయన నీళ్ల సీసా పట్టుకుని, ఇవ్వడం మరిచి అలాగే నిలబడ్డాడు. పాట అయ్యాక బెంగళూరాయన లేచి, "ఆ నీళ్ల హాడు ఇన్నొమ్మె హాడమ్మా" అని కన్నడం కలిపి అడిగి, ఆ పాటనే ఇంకోసారి పాడించుకున్నాడు.

ఆ పాట రికార్డయింది. అక్క పాడినన్నాళ్లూ ప్రతి కచేరీ దానితోనే మొదలైంది. వెనక మేం ముగ్గురమే. పోయినేడు జబ్బు చేసి అక్క వెళ్లిపోయింది. మొన్న హగరి నుంచి ఒకాయన వచ్చి, వేరే అమ్మాయి పాడుతుంది, మీరు వంతకు రండని అడిగాడు. "ముందర మా పాప లేకుంటే మేం యాడ అందుకునేదప్పా?" అంది అత్త.

అంతమందిలో పైస్థాయిలో నీళ్లడిగిన ఆనాటి నన్ను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మేం ముగ్గురం ఇప్పుడు పాడటం లేదు.