ఆయుధపూజకు పెట్టిన సెల్లులు

నా వృత్తిలో సగం భయమే. మదనపల్లెలో రిపేరు కొట్లవాళ్ళు పక్కన పడేసిన ల్యాప్‌టాప్ బ్యాటరీలు, కుప్పంలో పాత ఎలక్ట్రిక్ స్కూటర్ల ప్యాకులు కొనుక్కొచ్చి, పుంగనూరులో మా ఇంటి ముందుగదిలో విప్పుతాను. ఒక్కో ప్యాకులో వేలెడంత పొడవుండే బ్యాటరీ సెల్లులు వరసగా ఉంటాయి. ప్యాకు చచ్చిందంటే అన్నీ చచ్చినట్టు కాదు. ప్రాణమున్నవాటిని ఏరి, నిండా ఛార్జ్ చేసి, ఛార్జ్ దిగిపోతుందో లేదో చూడటానికి కొన్నాళ్ళు పక్కన పెడతాను. నిలిచినవి టమాటా తోటలకు మందు కొట్టే స్ప్రేయర్లలోకి పోతాయి. రామసముద్రం రైతులు వాటికోసమే వస్తారు.

సెల్లు కొన మీది చిన్న బొడిపె ప్లస్సు. మిగతా ఒళ్ళంతా మైనస్సే. దాన్ని కప్పి కాపాడేది పల్చటి ప్లాస్టిక్ తొడుగు. ప్లస్సూ మైనస్సూ ఏ లోహం ద్వారానో కలిశాయంటే ఆ సెల్లు కాలుతుంది, పక్కదాన్నీ కాలుస్తుంది.

ఆ ఏడాది ఆయుధపూజ పొద్దున నేను పూలు తేవడానికి బజారుకు పోయి వచ్చేసరికి అమ్మ అంతా సర్దేసింది. నా స్క్రూడ్రైవర్లకూ మీటరుకూ కుంకుమ బొట్లు. మధ్యలో పెద్ద స్టీలు పళ్ళెం, దాన్నిండా నేను ఛార్జ్ చేసిన సెల్లులు ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి.

"రా పాపా, హారతి ఇస్తాండాను," అంది. చేతిలో కర్పూరం వెలుగుతోంది.

ముందు నవ్వొచ్చింది. తర్వాత చూశాను, కొన్నిటికి తొడుగుల్లేవు. వాటిలో కొన్ని తలకిందులుగా ఉన్నాయి.

"తొడుగులేమైనాయమ్మా?"

"సినిగిపోయి ఉండాయి. సినిగిన గుడ్డతో దేవుని ముందర యాల పెట్టేది? నేనే ఒలిచేసినా."

తలకిందులుగా ఉన్నవాటి ప్లస్సు పళ్ళేనికి, ఒళ్ళు పక్కనున్న బోడి సెల్లుకు తగిలి ఉన్నాయి. ఆ బోడి సెల్లు మైనస్సు అడుగు కూడా అదే పళ్ళెం మీద ఉంది, అంటే ప్లస్సూ మైనస్సూ కలిసిపోయాయి. అప్పుడే గోళ్ళరంగు లాంటి తియ్యటి వాసన వచ్చింది, సెల్లు వేడెక్కి లోపలి ద్రవం బయటికొస్తే వచ్చే వాసన. అమ్మ హారతి తిప్పడానికి ఆ పళ్ళెం మీదికే వంగింది. భుజం పట్టి వెనక్కి లాగాను. హారతి కిందపడి ఆరిపోయింది. తువ్వాలు చుట్టి పళ్ళెం ఎత్తితే, తువ్వాల్లోంచి కూడా చేతులు కాలాయి. పక్కింటివాళ్ళు వీధిలో పోయించుకున్న ఇసుక కుప్ప మీద దాన్ని కుమ్మరించి వెనక్కి పరిగెత్తాను. ఒక సెల్లు బుసకొట్టి మంటై లేచింది. ఆ వెంటనే ఇంకొకటి.

అమ్మ గడపలో నిలబడి చూస్తోంది. నా భయం కోపమై బయటికొచ్చింది.

"నా సామాన్లు ముట్టద్దని ఎన్నితూర్లు సెప్పినా నీకు?"

ఎందుకు ముట్టకూడదో మాత్రం ఏనాడూ చెప్పలేదు. చెబితే ఆమెకు కంటిమీద కునుకు ఉండదని.

"ఇంక ముట్టన్లే," అంది. నా చేతులు పట్టుకుని ఎర్రబడిన వేళ్ళను చూసింది. "నేను ఒక్కదినం ముట్టుకుంటేనే ఇట్లాయె. నువ్వు దినామూ ఒళ్ళో పెట్టుకోని కూసుంటావే. నీ చేతిలో పేలవా పాపా?"

పేలవని చెప్పాలనుకున్నాను. అబద్ధం నోటికి రాలేదు.

"పేలచ్చమ్మా," అన్నాను.

పని మానెయ్యమంటుందని అనుకున్నాను. అనలేదు. ఆ రోజు నుంచి నేను ప్యాకు విప్పడానికి కూర్చుంటే వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. లోపలికి పొమ్మంటే పోదు. అంతకుముందు నా వేళ్ళ కోసమే భయపడేదాన్ని. ఇప్పుడు ప్యాకు విప్పే పక్క ఆమె వైపు లేకుండా, నా మొహం వైపుకు తిప్పుకుని విప్పుతున్నాను.