చెరువు వైపు అద్దం మీద చుక్కలు

పొద్దున పాలప్యాకెట్ కోసం తలుపు తీశాను. ఎదురింటి తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల కోడలు ఏడుస్తోంది. పెద్దమ్మ నిద్రలోనే వెళ్లిపోయారు. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. చలికాలం పిట్టలు చెరువులో దిగుతున్న రోజులివి. ఇప్పుడా వెళ్లడం!

మా అపార్టుమెంట్లు హైటెక్ సిటీలో ఒక చెరువును ఆనుకుని ఉంటాయి. ఈ నేల ఒకప్పుడు పెద్దమ్మ వాళ్ల వరిపొలం. బిల్డరుకిచ్చి, బదులుగా వచ్చిన ఫ్లాట్లలో ఒకదాంట్లో ఆమె కాపురం. మాది కాకినాడ వైపు. ఉద్యోగానికొచ్చి ఆమె ఎదురింట్లో దిగాను. ఆమెకీ నాకూ వరసేమీ లేదు. అయినా ఇక్కడ అందరికీ ఆమె పెద్దమ్మే.

చెరువులో ఒక మూల తుంగనీ తుమ్మచెట్లనీ పక్షుల కోసం వదిలేసి కంచె కట్టారు. సరిగ్గా దానికెదురుగా మా క్లబ్‌హౌస్ అద్దపు గోడ. అందులో చెట్లూ ఆకాశమూ కనిపిస్తాయి. అదీ ఆకాశమే అనుకుని పిట్టలు వచ్చి కొట్టుకుంటాయి. అద్దం మీద దగ్గర దగ్గరగా చుక్కలుంటే పక్కకు తిరిగిపోతాయని ఒకసారి పక్షుల డాక్టరమ్మ చెప్పింది. మేమంతా తలూపి, స్టిక్కర్లు తెప్పిద్దాం, మీటింగు పెడదాం అనుకున్నాం. పెద్దమ్మ మాత్రం మర్నాడు సున్నంలో కాస్త జిగురు కలుపుకుని, చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, అద్దం ముందు నిలబడ్డారు. వాకిట్లో ముగ్గుకి పెట్టినట్టే వేలితో వరసగా చుక్కలు. చుక్కకీ చుక్కకీ మధ్య నాలుగు వేళ్ల సందు.

సెక్రటరీగారు పరుగెత్తుకొచ్చారు. "పెద్దమ్మా, ఇదేంటండీ! లేక్ వ్యూ అంతా పోతోంది."

"నీకు చెరువు సూడాల్నంటే బయటికొచ్చి సూడు కొడుకా. ఏసీల కూసోని సూసుడేంది?" అన్నారామె, చెయ్యి ఆపకుండానే.

ఆయన కడిగించారు. ఈమె మళ్లీ పెట్టారు. మళ్లీ కడిగించారు, మళ్లీ పెట్టారు. నేనూ ఇంకొందరూ నిచ్చెనెక్కి పైవరసలు అందుకున్నాక కమిటీ ఒక మెట్టు దిగింది. "పెద్దమ్మ ఉన్నన్నాళ్లు ఉండనిద్దాం" అన్నారు. ఆ మాట విని ఆమె పకపకా నవ్వారు. "గట్లైతే నేను తొందరగ పోవద్దన్నట్టు!"

ఎవరు కొత్త చెప్పులు కొన్నా డబ్బా ఆమెదే. ఇవ్వకపోతే ఇంటికొచ్చి మరీ అడిగేవారు. మూతకి చిల్లులు పొడిచి, అడుగున పాత చీరముక్క పరిచి ఉంచేవారు. దెబ్బ తిని సొమ్మసిల్లిన పిట్టని అందులో పెట్టి, మూతవేసి, చీకట్లో వదిలెయ్యాలి. అంతే వైద్యం. తేరుకుంటే ఎగిరిపోతుంది, లేకపోతే డాక్టరమ్మ దగ్గరికి. కానీ మనవాళ్లకి చేతులు ఊరుకోవు కదా! పిట్ట నోరు తెరిచిందంటే చాలు, చెంచాతో నీళ్లు పట్టుకొస్తారు. ఓసారి సెక్యూరిటీ గార్డు అలాగే పోయబోతే పెద్దమ్మ చెంచా లాక్కున్నారు.

"పోయేటోళ్లకు పోస్తరు నోట్లె నీళ్లు. ఇది ఎటు పోతది? జరసేపు దాని ఫికర్ దాన్ని చెయ్యనియ్యి. నీళ్లు పోస్తే దమ్ము ఆగి సస్తది."

మేమంతా ఆ డబ్బా చుట్టూ ఊపిరి బిగబట్టి నిలబడితే, ఆమె అక్కడే గట్టు మీద కూర్చుని తమలపాకు ఈనెలు తీసుకునేవారు. గోళ్ల కింద సున్నం ఎప్పుడూ ఉండేది. అది ఆకుకి రాసుకున్నదో, అద్దానికి పెట్టినదో ఎవరికీ తెలిసేది కాదు. ఊరునుంచి వచ్చిన కొత్తలో నేను బెంగ పెట్టుకుంటే, ఆ గట్టు మీదే నా చేతిలో సున్నం డబ్బా పెట్టి, "ఇంట్ల కూసోని ఏం జేస్తవు బిడ్డా, పా" అన్నారు. ఈ ఊళ్లో నాకు కుదురు చిక్కింది ఆ రోజునుంచే. ఆ రుణం తీరేది కాదు.

ఆమెని సాగనంపిన రాత్రి పెద్ద వాన. పొద్దునకి చుక్కలన్నీ కొట్టుకుపోయి అద్దం శుభ్రంగా మెరుస్తోంది. కాసేపటికే ఠప్పుమని చప్పుడు. వెళ్లి చూస్తే మెట్ల మీద లకుముకి పిట్ట, రెక్కలు పరిచి పడి ఉంది. డబ్బాలో పెట్టి మూతవేశాను. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె ఉన్నన్నాళ్లే అన్నారుగా, మరి ఇప్పుడో? ఎవరినీ అడగదలచుకోలేదు. సున్నం కలపడం మొదలుపెట్టాను.

ఇంతలో పెద్దమ్మ కోడలు తడిజుట్టుతో వచ్చి చుక్క పెట్టబోయింది. వెనకే పెద్దమ్మ మరిది, ఆ ఇంటికి మిగిలిన పెద్దాయన, కర్ర తాటించుకుంటూ వచ్చారు.

"సావైన ఇల్లు బిడ్డా. దినాలు కాకముందే ముగ్గేస్తరా? నలుగురు ఏమంటరు?"

కోడలు చెయ్యి తియ్యలేదు. "గడపకు ఎయ్యను చిన్నమామా. మామ పోయిన మూడోనాడు అత్తమ్మ ఈడనే నిలవడి ఏమన్నది? ముగ్గు మన ఇంటికి, సుక్కలు పిట్టలకు, పిట్టలకు మైల ఏంది అన్లేదా? అప్పుడు మీరే కదా అత్తమ్మ మీద లొల్లి జేసింది!"

నేను నిచ్చెనెక్కి పైవరస అందుకున్నాను. ఆయన చెరువు వైపు చూశారు, డబ్బా వైపు చూశారు. తర్వాత కర్ర గోడకి ఆనించి, వచ్చి నా నిచ్చెన పట్టుకున్నారు.

"పైన సందు ఎక్కువైంది. మా వదిన గిట్ల పెడుతుండెనా? జర దగ్గర దగ్గర పెట్టు."

ఏడుపు నాకప్పుడొచ్చింది. నిచ్చెన మీదే కానిచ్చేశాను. సెక్రటరీగారు మేడమీంచి చూస్తూనే ఉన్నారు, కిందికి రాలేదు. రేపు కడిగిస్తే ఎల్లుండి పెడతాం. ఆయనకి ఆ సంగతి తెలుసు, అది ఆయనకి నేర్పింది కూడా పెద్దమ్మే.

ఎండెక్కాక డబ్బా మూత తీశాం. లకుముకి కాసేపు మమ్మల్ని చూసింది. లేచింది, నేరుగా అద్దం మీదికే పోయింది. కోడలు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. సరిగ్గా చుక్కల ముందు రెక్క వాల్చి, పక్కకి తిరిగి, తుంగలోకి దిగిపోయింది.

ఇంటికొచ్చి తాళం తీస్తూ ఎదురింటి వైపు చూశాను. పెద్దమ్మ గడప ముందు ముగ్గు లేదు. కోడలు గుమ్మంలో నిలబడి, వేళ్లకంటిన సున్నం ఇంకా కడుక్కోకుండా చూసుకుంటోంది.