కత్తెర నమిలిన పేజీ

ఏడో తరగతిలో బడి మానేస్తానని చెప్పినప్పుడు మా అయ్యవారు నన్ను ఆపలేదు. గేటు దాకా వచ్చి సాగనంపారు. మళ్ళీ వెనక్కి వస్తానేమోనని కాసేపు అక్కడే కాపలా కూడా నిలబడ్డారు. అలాంటి నేను ఆడవాళ్ళ పత్రికల గురించి రాస్తున్నానంటే తప్పు నాది కాదు, నా పనిది. తిరుపతిలో లాడ్జీల వెనక సందులో నాది జాకెట్లు కుట్టే అంగడి. పాత కాగితాల కొట్టు నుంచి పత్రికలు తెచ్చి బల్ల మీద పడేస్తాను. వచ్చినవాళ్ళు తిరగేసి, "ఇట్లాంటి మెడ పెట్టన్నా" అని బొమ్మ మీద వేలు పెడతారు. నేను కుడతాను. బొమ్మలో లాగా రాదు.

రాదని నాకు ముందే తెలుసు. ఆ బొమ్మలో జాకెట్టు ఒంటికి అతికినట్టు ఉంటుంది, కానీ వీపు వైపు చూపించరు. అక్కడంతా గుండుసూదులు పెట్టి బిగించి ఉంటారు. మా అంగడి ముందు నిలబెట్టిన బొమ్మకు నేనూ అదే పని చేస్తాను గనుక ఇట్టే పట్టేశాను. అప్పటినుంచి ఆ పత్రికల్లో ఏ పేజీ చూసినా వెనక సూదులు ఎక్కడున్నాయా అని వెతకడమే. మోచేతుల నలుపు పోగొట్టే పిండి, అత్తగారిని మెప్పించే పులుసు, మొగుడితో తగాదా రాకుండా చిట్కాలు. మొగుళ్ళను ఎవరైనా అడిగి రాశారా? నన్నయితే అడగలేదు.

నా భార్య మాత్రం చదివేది. హుక్కులు, చేతికుట్టు ఆమె పని. గిరాకీ లేని మధ్యాహ్నాలు పత్రిక పట్టుకుని గోడకు ఆనుకునేది.

"దాంట్లో ఏముండాది మే, అంతగా మునిగిపోయి సదవతా ఉండావు?"

"నీ గురించి ఏమీ రాయలేదులే, భయపడొద్దు."

ఆ రోజుల్లో ఆమెకు నెలసరి విపరీతంగా అయ్యేది. మనిషి ఉతికిన గుడ్డలా పాలిపోయింది. ఒక నర్సింగ్ హోమ్‌లో చూపిస్తే, అక్కడి డాక్టరు స్కానింగు కాగితం అటూ ఇటూ తిప్పి, గర్భసంచి తీసేద్దాం అన్నాడు. నేను సరేనన్నాను. మా సందులో చాలామందికి తీసేశారు. మా వదిన కూడా, "పిల్లోళ్ళు పెద్దోళ్ళయిపోయిరి, ఇంక అదెందుకు నీకు" అంది. నా భార్య మాత్రం పెళ్ళిళ్ళ కుట్లు అయిపోనీ, ఆపైన చూద్దాం అంటూ వాయిదా వేస్తూ వచ్చింది. పని మీద ప్రేమ అనుకున్నాను.

ఒక ఉదయం పట్టు జాకెట్టు గుడ్డ కత్తిరిస్తుంటే నా పెద్ద కత్తెర గుడ్డను కోయకుండా నమిలింది. నాకు ఒళ్ళు మండింది. గుడ్డలు కోసే కత్తెరతో కాగితం కోస్తే పదును పోతుంది. దర్జీ ఇంట్లో చంటిపిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. అంటే ఎవరో తెలిసే కోశారు.

నా అనుమానం మొదట వీధి చివర కొత్తగా అంగడి తెరిచిన దర్జీ మీదికి పోయింది. మనుషుల్ని పంపించి నా డిజైన్లు కత్తిరించుకుపోతున్నాడని పత్రికలన్నీ తిరగేశాను. మెడలున్నాయి, చేతులున్నాయి, అంచులున్నాయి. వంటల ముందు ఉండే పేజీ మాత్రం ఏ పత్రికలోనూ లేదు. కోత ఎక్కడా వంకర పోలేదు. అంత సూటిగా కోయగలిగినవాళ్ళం మా అంగడిలో ఇద్దరమే. ఆ ఇద్దరిలో నేను చదవను.

ఇంక నాకు నిద్ర పట్టలేదు. ఏం దాస్తోంది? ఎవరికైనా ఉత్తరాలు రాస్తోందా? మొగుణ్ణి మార్చుకునే ఉపాయం ఏదైనా వేశారా? బస్టాండు దగ్గర కొత్త సంచిక కొని, ఆమె కంట పడకముందే ఆ పేజీ తీశాను. వేలు పెట్టుకుంటూ చదివాను.

డాక్టరమ్మ జవాబుల పేజీ అది. గర్భసంచి తీసేయమన్నారు, భయంగా ఉంది అని ఎవరో ఒకామె రాసింది. స్కానింగులో ఏం కనబడింది, మందులు వాడి చూశారా, కొన్నాళ్ళు ఆగితే ఏమవుతుంది, ఇవి అడగండి, ఇంకో డాక్టరుకూ చూపించుకోండి అని జవాబు. చివర్లో, మిమ్మల్ని చూడకుండా నేను ఇంతకుమించి చెప్పలేను అని ఉంది.

చెప్పలేను అని ఒప్పుకున్న పేజీ ఆ పత్రికల్లో నేను చూడడం అదే మొదలు. దీని వెనక సూదులు కనబడలేదు. పేజీ తిప్పితే ముఖానికి పూసే క్రీము ప్రకటన, తెల్లకోటు వేసుకుని నవ్వుతున్న అమ్మాయి. నా అనుమానం మళ్ళీ లేచింది. ఈ డాక్టరమ్మ కోటు కూడా అద్దెదేమో?

పత్రిక తీసుకుపోయి ఆమె ఒళ్ళో పెట్టాను.

"కాగితం కోసింది నువ్వేనా?"

"నేనే."

"నాతో ఒక మాట సెప్పకూడదా?"

"భయంగా ఉండాదని సెప్తిని కదా. డాక్టరుకంటే నీకెక్కువ తెలుసా అంటివి. తెలీదు. అందుకే సదువుకున్యా."

"ఆ రాసేది నిజం డాక్టరో కాదో ఎవురికి తెల్సు?"

"ఇంకొకరికి సూపించుకో అంటాండాది. మోసం సేసేదైతే నా దగ్గరికే రా అనుండును."

మర్నాడు అంగడి మూసి ఇద్దరం పెద్దాసుపత్రికి పోయినాము. వరసలో కూర్చోగా కూర్చోగా మా పేరు వచ్చింది. పేజీలో ఉన్న ప్రశ్నలన్నీ నా భార్య నోటితోనే అడిగింది. నేను పక్కన సంచి పట్టుకుని నిలబడ్డాను. లోపలి డాక్టరమ్మ స్కానింగు వెలుతురుకు పెట్టి నిదానంగా చూసింది. చిన్న గడ్డ ఉందనీ, ఇప్పటికి కోత అక్కరలేదనీ, మాత్రలు వాడి మళ్ళీ వచ్చి చూపించుకోమనీ చెప్పింది. మళ్ళీ పోయినప్పుడు కూడా ఆ మాటే అంది. మెల్లగా నా భార్య ముఖంలోకి రక్తం వచ్చింది.

నేను ఇప్పటికీ ఆ పత్రికల్ని నమ్మను. కొనుక్కో అని చెప్పే పేజీని అసలు నమ్మను. అడుగు అని చెప్పే పేజీ దగ్గర మాత్రం ఆగుతాను.

మొన్న అంగడి నిండా ఆడవాళ్ళు ఉన్నప్పుడు నోరు ఊరుకోలేదు. "సూసినారా, మా ఇంట్లో డాక్టరమ్మ. బొమ్మల పుస్తకం సదివి డాక్టరైపోయింది. ఆ పుస్తకమే లేకుంటే ఏం సేసుందువు మే?" అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. దారం పంటితో తెంపింది.

"ఏం సేసుందును. నీ మాట వినుందును."