పగటి నిద్ర

జాన్సన్ పగలు పడుకునే మనిషి. రాయదుర్గంలో ఒక అద్దాల టవర్‌లో రాత్రంతా కూర్చుని, ఆసుపత్రి బిల్లుల గురించి అమెరికా జనం ఫోన్లో వేసే కేకలు వినడం అతని ఉద్యోగం. తెల్లవారాక క్యాబ్ కొత్తగూడ ఫ్లైఓవర్ కింద దింపితే, సందులోకి నడిచి ఇల్లు చేరేవాడు. పుట్టి పెరిగింది చందానగర్‌లో. డిగ్రీ కాగానే, కొన్నాళ్లు చేసి పగటి పనికి మారిపోదామనుకుని ఆ కొలువులో చేరాడు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, తండ్రి జోసెఫ్ ప్రభువునందు నిద్రించాడు. జాన్సన్ మాత్రం రాత్రుల్లోనే ఉండిపోయాడు.

భార్య సుగుణది తెనాలి దగ్గర పల్లె. నర్సింగ్ చదివి, మియాపూర్ వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీ చేస్తోంది. అతను చెప్పులు విప్పే వేళకి ఆమె చెప్పులు వేసుకునేది. చిన్నవాడు పాలు తాగాడనో, పెద్దదానికి జడ వేయలేదనో గుమ్మం దగ్గరే నాలుగు ముక్కలు చెప్పి, పరుగున మెట్లు దిగేది.

ఆ ఇంట్లో జాన్సన్ నిద్రకు పెద్ద మర్యాద ఉండేది. పడకగది కిటికీకి నల్ల కాగితం అంటించారు. కాలింగ్ బెల్లు వైరు పీకేశారు. మిక్సీ తిప్పడం లాంటివన్నీ అతను రాకముందే ముగించేది సుగుణ. పిల్లలు టీవీ శబ్దం తీసేసి బొమ్మలు మాత్రమే చూసేవారు. ఒకటో తరగతి చదివే ప్రిస్కిల్లా గుసగుసగా మాట్లాడటానికి అలవాటు పడింది. రెండేళ్ల ఆషేర్‌కి అసలు మాటలు వచ్చిందే గుసగుసల్లో. ఎదురు ఫ్లాట్ రోహిణి, "మీ ఇంట్లో పిల్లలున్నట్టే తెలీదండీ, మా వాళ్లయితే ఇల్లు పీకి పందిరేస్తారు" అంటే, జాన్సన్ ఆ మాట చర్చిలో నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

సుగుణ డ్యూటీ నుంచి వచ్చేదాకా పిల్లల్ని ఈరమ్మ అనే పెద్దావిడ కనిపెట్టుకుని ఉండేది. ఆ ఎండాకాలం, బడికి సెలవులిచ్చాక, ఆమె కూతురి కాన్పని సంగారెడ్డి వెళ్లింది. సుగుణ సెలవడిగితే ఆసుపత్రిలో కుదరదన్నారు.

"పోనీ, మీరు హాల్లో పడుకోండి. పిల్లలు కళ్లముందుంటారు" అంది సుగుణ.

"హాల్ల వెలుగుకు నిద్ర పట్టదు సుగుణా. తలుపు తెరిచి పెట్టుకుంట. నువ్వు ఫికర్ జెయ్యకు."

ఆమె ప్రిస్కిల్లా ముందు కూర్చుని గడ్డం పట్టుకుంది. "డాడీని ఊరికే లేపకు తల్లీ. రాత్రంతా మేలుకుని వస్తారు. తమ్ముణ్ణి చూసుకో. నువ్వు పెద్దదానివి కదూ?"

ప్రిస్కిల్లా తలూపింది. మొదటి కొద్ది రోజులు బాగానే గడిచాయి. ఆ పిల్ల తమ్ముడికి అరటిపండు వలిచి పెట్టేది, తడిసిన నిక్కరు మార్చేది, జోకొట్టేది. ఒకరోజు మంచినీళ్ల కోసం లేచిన జాన్సన్, కూతురు తమ్ముడికి పెరుగన్నం తినిపిస్తుంటే వీడియో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు. 'చిన్న అమ్మ' అని అందరూ మెచ్చుకున్నారు.

తరువాతి వారంలో ఒకరోజు పొద్దున్నే ఆషేర్ ఒళ్లు వెచ్చబడింది. సుగుణ కొత్త జ్వరం సిరప్ సీసా తెరిచి మూతతో ఒక మోతాదు వేసి, హడావుడిలో సీసాను భోజనాల బల్ల మీదే వదిలేసింది. గుమ్మంలో ఎదురైన జాన్సన్‌తో, "మధ్యాహ్నం మళ్లీ కాలితే ఇంకో మూత వేయండి" అంది. అతను సరేనన్నాడు. అలారం కూడా పెట్టుకున్నాడు. రాత్రి డ్యూటీలో తిట్లు తిని తిని తల పగిలిపోతోంది. దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు.

అలారం మోగిందో లేదో, మోగితే ఎప్పుడు నొక్కేశాడో అతనికి తెలియదు. ఉక్కపోతకు మెలకువ వచ్చి హాల్లోకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ఆషేర్ చాప మీద వెల్లకిలా పడి ఉన్నాడు. గడ్డం, మెడ, బనీను అంతా గులాబీ రంగు జిగురు. ప్రిస్కిల్లా పక్కన కూర్చుని తడి రుమాలు వాడి నుదుటి మీద అద్దుతోంది. బల్ల కింద సిరప్ సీసా దొర్లిపడి ఉంది. చుక్క లేదు.

జాన్సన్ కొడుకుని చేతుల్లోకి లాక్కున్నాడు. వాడు కళ్లు సగం తెరిచి, అతని భుజం మీద వాంతి చేసుకున్నాడు. అదీ గులాబీ రంగే.

"ఎంత తాపినవే? సీసా మొత్తం తాపినవా?" అని అరిచాడు.

ఆ ఇంట్లో అంత పెద్ద గొంతు ప్రిస్కిల్లా ఎన్నడూ వినలేదు. రుమాలు వదిలేసి లోపలికి పరిగెత్తి మంచం కింద దూరింది. అతను ఒంగి పిలిచాడు, చెయ్యి పెట్టి లాగబోయాడు. ఆ పిల్ల గోడకు అతుక్కుపోయింది. కేకలకు రోహిణి తలుపు తోసుకుని వచ్చింది.

జాన్సన్ సుగుణకు ఫోన్ చేసి జరిగింది చెప్పాడు.

"పొద్దున్నే తెరిచిన సీసా అండీ అది. నిండుగా ఉంది." ఆమె అప్పటికే బయటికి నడుస్తోంది. "వెంటనే కొండాపూర్‌లో పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లండి, నేనూ అక్కడికే వస్తున్నా. వాడు ఎంత తాగాడో కనుక్కోండి. ముందు వాళ్లు అదే అడుగుతారు."

ప్రిస్కిల్లాను రోహిణికి వదిలి ఆసుపత్రికి వెళితే, నిజంగానే డాక్టరమ్మ ముందు అదే అడిగింది. ఎంత తాగాడు, ఎన్నింటికి తాగాడు? జాన్సన్ ఖాళీ సీసా చూపించి, కూతురు తాపిందని చెప్పాడు.

"ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరా?"

"నేనున్న మేడం," అన్నాడు. "పండుకున్న."

ఆమె ఈ మందు మోతాదు మించితే కాలేయానికి ప్రమాదమని, కొన్ని గంటలు గడిచాక రక్తం తీసి చూస్తేగానీ ఏదీ తేలదని చెప్పింది. ఈలోగా పాపను నెమ్మదిగా అడిగి చూడమంది. అప్పుడే సుగుణ ఆసుపత్రి బట్టల్లోనే ఆటో దిగి వచ్చింది. కొడుకుని ఎత్తుకుని ఒళ్లంతా తడిమింది. "మీరే వెళ్లండి. మీకు భయపడే కదా దాక్కుంది. మీతోనే చెప్పాలి" అంది, మొగుడి వంక చూడకుండా.

జాన్సన్ ఇల్లు చేరేసరికి రోహిణి పడకగది గుమ్మంలో కూర్చుని ఉంది. "ఎంత బతిమాలినా రాలేదండీ" అని లేచి బయటికి వెళ్లింది. అతను మంచం పక్కన నేల మీద పడుకున్నాడు. చెంప గచ్చుకు ఆనించి లోపలికి చూస్తే, చీకట్లో రెండు కళ్లు కనిపించాయి.

"ప్రిస్సీ, డాడీ కొట్టడు. తమ్మునికి మందు ఇయ్యాలంటే డాక్టర్‌కు నువ్వు చెప్పాలె బిడ్డా."

"తమ్ముడు సచ్చిపోతడా?" గుసగుసగా అడిగింది.

"లేదు" అన్నాడు. తెలిసి అన్న మాట కాదు.

ఆ పిల్ల కాస్త ఇటు జరిగింది. "ఒళ్లు మస్తు కాలింది డాడీ. అమ్మ లెక్క మూతతోని పోసిన. ఊంచేసిండు. మళ్ల పోసిన. మళ్ల ఊంచేసిండు. ఆఖరుకు ఒక్కటి మింగిండు."

"మరి సీసా ఖాళీ అయింది కద బిడ్డా?"

మంచం కింద దాచిన బట్ట బొమ్మ ఒకటి నేల మీద జారుతూ అతని ముఖం దగ్గరికి వచ్చింది. "దీనికి తాపిన. ఇది తాగితే తమ్ముడు గూడ తాగుతడని."

బొమ్మ నోటి నుంచి పొట్ట దాకా తడిసి బరువెక్కి ఉంది. జాన్సన్ దాన్ని పిండాడు. వేళ్ల సందుల్లోంచి గులాబీ రంగు జిగురు కారింది. అప్పుడు అతనికి ఊపిరి ఆడింది. ఆ ధైర్యంతోనే, అడగకుండా ఉండాల్సిన మాట అడిగాడు.

"నన్నెందుకు లేపలేదు బిడ్డా?"

"లేపిన. రెండుసార్లు లేపిన. 'జర పండుకోనీ, పోవే' అన్నవ్."

జాన్సన్ ఎంత వెతుక్కున్నా అతనికి ఆ మాట గుర్తు రాలేదు. పిల్ల అబద్ధం చెప్పలేదని మాత్రం తెలుస్తూనే ఉంది. కూతుర్ని, కవర్లో చుట్టిన బొమ్మను వెంటబెట్టుకుని ఆసుపత్రికి తిరిగి వెళ్లాడు.

సాయంత్రం రక్తపరీక్ష ఫలితం వచ్చింది. రక్తంలో మందు ప్రమాద స్థాయికి చేరలేదు. వాంతులు జ్వరం వల్లే అన్నారు. అయినా మర్నాటి దాకా ఉంచుకుంటామన్నారు. సుగుణ వరండా కుర్చీలో కూలబడింది.

"నాదే తప్పండీ. చేతికందే చోట పెట్టాను. పైగా డాడీని లేపకని చెప్పి వెళ్లాను."

ఆ తప్పు ఆమె మీదే ఉండనిస్తే అతన్ని ఎవరూ ఏమీ అడగరు. జాన్సన్ తల వంచుకున్నాడు. "అది నన్ను లేపిందంట సుగుణా. నేనే ఎల్లగొట్టిన."

సుగుణ అతని వైపు చూసింది. ఆ తరువాత చాలా రోజులు అవసరమైన మాటలే మాట్లాడింది.

జాన్సన్ పగటి షిఫ్టు అడిగితే ఆఫీసులో ఖాళీ లేదన్నారు. ఈరమ్మ తిరిగి వచ్చినా, అతను వెలుతురున్న హాల్లోనే చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. నిద్ర పట్టేది కాదు. పిల్లల అడుగు వినిపిస్తే ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. వానాకాలం సగమయ్యాక వేరే జట్టులో పగటి చోటు దొరికింది. తన కింద పనిచేసిన కుర్రాడు అక్కడ అతనికి పై అధికారి. మారుమాట లేకుండా చేరాడు.

ఆషేర్‌కి ఏదీ గుర్తు లేదు. ప్రిస్కిల్లా మాత్రం ఆ రోజు నుంచి తమ్ముణ్ణి ముట్టుకోవడం మానేసింది. వాడు ఏడిస్తే బాల్కనీలోకి వెళ్లి నిలబడేది. వాడు ఆట సామాను తెచ్చి ఒళ్లో పెడితే చేతులు వెనక్కి పెట్టుకునేది. కొంతకాలం పడుతుందని, తొందర పెట్టవద్దని డాక్టరమ్మ చెప్పింది.

ఒక ఆదివారం అందరూ చర్చికి తయారవుతున్నారు. సుగుణ లోపల చీర కట్టుకుంటోంది. ఆషేర్ ఒక కాలి బూటు పట్టుకుని అక్క దగ్గరికి వెళ్లి, పాదం చాచి నిలబడ్డాడు. ప్రిస్కిల్లా చేతులు తొడల కింద పెట్టుకుంది. తల తిప్పి తండ్రిని చూసింది.

"నువ్వెయ్యి డాడీ" అంది.

జాన్సన్ వచ్చి నేల మీద కూర్చుని కొడుకు పాదం ఒళ్లో పెట్టుకున్నాడు. బూటు తొడిగి పట్టీ బిగిస్తుంటే, ప్రిస్కిల్లా కుర్చీలోంచి ముందుకు వంగి, అతను సరిగ్గా బిగించాడా లేదా అని రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుంది.